రెండు రకాల స్లాట్లు - ఒక్కటే ఆప్షన్

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



కరువు భత్యం గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకోవలసిన సభలో కంప్యూటరు లోపల ఉండే జానెడు ముక్క గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. సర్వీసులో చివరి పద్దెనిమిదేళ్ళు మన శాఖ కంప్యూటరు విభాగంలో మరమ్మతుల పని చూసినవాణ్ణి కాబట్టి కాదనలేకపోయాను. భోజనాలకు ఇంకా అరగంట వ్యవధి ఉందట. ఆ లోపలే ముగిస్తాను. భయపడకండి.

ఈ విషయం ఈ సభ దాకా ఎందుకు వచ్చిందో ముందుగా మనవి చేస్తాను. మన సంఘ కార్యాలయంలో ఉన్న కంప్యూటరు 2016లో కొన్నది. సభ్యుల రిజిస్టరు, ఒక్కొక్కరి పి.పి.ఓ. నంబరు, పుట్టిన తేదీ, భార్య లేదా భర్త పేరు, బ్యాంకు శాఖ, ఇంకా మనం ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీల నకళ్ళు అన్నీ అందులోనే ఉన్నాయి. గత ఏడాదిగా అది బాగా మందగించింది. మొన్న వానాకాలంలో మన దివంగత సభ్యులొకరి భార్య కుటుంబ పెన్షను కాగితాల కోసం కార్యాలయానికి వచ్చారు. ఆ తల్లి దగ్గర పి.పి.ఓ. నకలు లేదు. రిజిస్టరు తెరిచి నంబరు చూసి చెప్పడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆవిడ ఏమీ అనలేదు గాని, ఆ రోజు అక్కడ కూర్చున్న మా అందరికీ తల వంచుకోవలసి వచ్చింది.

ఆ తరువాత జరిగిన కార్యవర్గ సమావేశంలో కొత్త కంప్యూటరు కొనాలన్న ప్రతిపాదన వచ్చింది. ఊళ్ళో ఒక దుకాణం వారు "ఇది పాతబడిపోయిందండీ, ఇంక దీని మీద ఖర్చు దండగ" అని 42,000 రూపాయలకు కొటేషను ఇచ్చారు. మన నిధిలో ఉన్న డబ్బు ఎవరిదో మీకు తెలుసు. నెల నెలా పెన్షనులోంచి మీరు తీసి ఇచ్చినది. అందులోంచే మనం మంచాన పడిన సభ్యులకు మందుల సాయం చేస్తున్నాం. అందుకని, కొనే ముందు ఒకసారి పెట్టె విప్పి చూద్దామని నేను అన్నాను. విప్పితే లోపల మదర్‌బోర్డు మీద ర్యామ్ పెట్టే స్లాట్లు నాలుగు కనిపించాయి. రెండు ఒక రంగు, రెండు ఇంకొక రంగు. వాటిలో ఒక్క దాంట్లోనే 4 జి.బి. ర్యామ్ ఉంది. మిగిలిన మూడూ ఖాళీ.

ఇక్కడ ర్యామ్ అంటే ఏమిటో చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. మనమందరం ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళమే. రికార్డు రూము ఒకటి ఉండేది, మన ముందు టేబులు ఒకటి ఉండేది. ఫైలు పని పడితే అటెండరు రికార్డు రూము నుంచి తెచ్చి టేబులు మీద పెట్టేవాడు. పని అయ్యాక మళ్ళీ లోపల పెట్టేవాడు. కంప్యూటరులో హార్డ్ డిస్కు రికార్డు రూము. ర్యామ్ టేబులు. టేబులు చిన్నదైతే ఏమవుతుంది? నాలుగు ఫైళ్ళు పెట్టగానే నిండిపోతుంది. అయిదో ఫైలు కావాలంటే ఒకటి లోపల పెట్టించాలి. అటెండరు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాడు, పని మాత్రం సాగదు. మన కంప్యూటరుకు పట్టిన జబ్బు అదే. టేబులు పెద్దది చేస్తే చాలు.

ఈ పోలికతో ఇంకొక భయం కూడా తీరిపోవాలి. "ర్యామ్ తీస్తే మన సభ్యుల వివరాలన్నీ పోతాయేమో" అని కోశాధికారి గారు ఆందోళన పడ్డారు. పోవు. టేబులు మార్చినంత మాత్రాన రికార్డు రూములో ఫైళ్ళు కాలిపోవు కదా. అయినా ఏ మరమ్మతుకైనా ముందు ముఖ్యమైన ఫైళ్ళను ఒక పెన్ డ్రైవులోకి నకలు తీసి పెట్టుకోవడం మంచి అలవాటు. మేమూ అలాగే తీసి, ఆ పెన్ డ్రైవును బీరువాలో పెట్టి తాళం వేశాకే పెట్టె విప్పాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నాలుగు స్లాట్లు రెండు రంగుల్లో ఉన్నాయన్నాను. రంగు ఒక్కటే తేడా అయితే చెప్పవలసింది పెద్దగా లేదు. కాని ఆ బోర్డు మీద రెండు డి.డి.ఆర్-3 రకం స్లాట్లు, రెండు డి.డి.ఆర్-4 రకం స్లాట్లు. అంటే రెండు తరాల ర్యామ్‌కూ చోటిచ్చిన బోర్డు.

ఇలాంటి బోర్డులు ఎందుకు తయారు చేస్తారంటే, ఒక రకం పోయి ఇంకొక రకం వచ్చే సంధి కాలంలో కొనేవాడి చేతిలో పాత ర్యామ్ ఉంటుంది, కొత్త ర్యామ్ ఖరీదుగా ఉంటుంది. "ఇప్పటికి పాతదే పెట్టుకోండి, ధర తగ్గాక కొత్తది వేసుకోండి" అని చెప్పడానికి తయారీదారులు రెండు రకాల స్లాట్లూ పెడతారు. నేను సర్వీసులో ఉండగానే ఇది చూశాను. 1996, 1997 ప్రాంతంలో వచ్చిన పెంటియం బోర్డుల్లో 72 పిన్నుల సిమ్ములకూ, 168 పిన్నుల డిమ్ములకూ రెండిటికీ స్లాట్లు ఉండేవి. 2001లో ఇ.సి.ఎస్. వారి కె7ఎస్5ఎ అన్న బోర్డు వచ్చింది. దాని మీద ఎస్.డి.ర్యామ్‌కు రెండు స్లాట్లు, డి.డి.ఆర్.కు రెండు స్లాట్లు. ధర తక్కువ కావడంతో చాలామంది దాన్ని కొన్నారు. 2007లో గిగాబైట్ వారు డి.డి.ఆర్-2కూ, డి.డి.ఆర్-3కూ కలిపి ఒక బోర్డు తెచ్చారు. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లు డి.డి.ఆర్-4తోనూ పనిచేస్తాయి, తక్కువ వోల్టేజి గల డి.డి.ఆర్-3ఎల్‌తోనూ పనిచేస్తాయి. మన సంఘ కంప్యూటరు ఆ తరానిదే. 2021లో వచ్చిన పన్నెండో తరం ప్రాసెసర్లకు డి.డి.ఆర్-4, డి.డి.ఆర్-5 రెండూ పనికివస్తాయి. అయితే ఆ తరంలో చాలా బోర్డులు ఏదో ఒక రకం స్లాట్లతోనే వచ్చాయి. ప్రాసెసరుకు రెండూ వచ్చు కదా అని బోర్డు చూడకుండా ర్యామ్ కొనకూడదు.

నేను పెట్టె విప్పినప్పుడు పక్కన నిలబడ్డ మన సీనియర్ సభ్యులొకరు అడిగారు. "ఏమండీ, బస్సులో నాలుగు సీట్లుంటే ఇద్దర్నే ఎందుకు కూర్చోబెడతారు? నాలుగూ నింపేస్తే సరిపోదా?" అని. ప్రశ్న సబబైనదే. ఎవరికైనా అలాగే తోస్తుంది. నా సమాధానం మన పెన్షనర్ల భాషలోనే చెప్పాను. వేతన సవరణ వచ్చినప్పుడల్లా మనం ఆప్షను ఫారం నింపి ఇచ్చేవాళ్ళం. పాత స్కేలులో కొనసాగుతారా, కొత్త స్కేలుకు వస్తారా? రెండూ మీ ముందు ఉన్నాయి, కాని మీరు తీసుకునేది ఒక్కటే. పాత స్కేలులో ఇంక్రిమెంటు, కొత్త స్కేలులో మూల వేతనం రెండూ కలిపి ఇమ్మంటే అకౌంట్సు వారు ఒప్పుకుంటారా? ఈ బోర్డూ అంతే. రెండు రకాల స్లాట్లు ఉండడం అంటే రెండు రకాలూ ఒకేసారి పెట్టవచ్చునని కాదు. రెండిటిలో ఒకదానికి ఆప్షను ఇచ్చుకోవచ్చునని.

కారణం కూడా చెబుతాను. ఒక్కొక్క తరం ర్యామ్‌కు ఒక్కొక్క వోల్టేజి. పాత సిమ్ములకు సాధారణంగా 5 వోల్టులు. ఎస్.డి.ర్యామ్‌కు 3.3. మొదటి డి.డి.ఆర్.కు 2.5. డి.డి.ఆర్-2కు 1.8. డి.డి.ఆర్-3కు 1.5, అందులోనే ఎల్ రకానికి 1.35. డి.డి.ఆర్-4కు 1.2. డి.డి.ఆర్-5కు 1.1. ఏటేటా మన పెన్షను పెరగకపోయినా వీటి వోల్టేజి మాత్రం తరతరానికీ తగ్గుతూనే వస్తోంది. తక్కువ కరెంటుతో ఎక్కువ వేగంగా పని చేయించడం దీని వెనక ఉద్దేశం. ర్యామ్‌ను నడిపే భాగాన్ని మెమరీ కంట్రోలరు అంటారు. అది పూర్వం బోర్డు మీది చిప్‌లో ఉండేది, ఇప్పుడు ప్రాసెసరు లోపలే ఉంటుంది. కంప్యూటరు ఆన్ చేయగానే, ర్యామ్ ముక్క మీద ఉన్న చిన్న చిప్‌ను చదివి ఇది ఫలానా రకం, ఫలానా వేగం అని తెలుసుకుని దానికి తగ్గట్టు కంప్యూటరు సిద్ధమవుతుంది. ఒక సమయంలో ఒక రకం పద్ధతిలోనే పనిచేయగలదు. రెండు రకాలూ ఎదురైతే చాలా బోర్డులు అసలు మొదలే కావు, తెర నల్లగా ఉండిపోతుంది. కొన్నిట్లో ర్యామ్‌కో బోర్డుకో నష్టం జరిగే ప్రమాదం కూడా ఉంది. 1997 నాటి బోర్డుల్లో 5 వోల్టుల సిమ్ములను, 3.3 వోల్టుల డిమ్ములను కలిపి పెట్టవద్దని మాన్యువల్‌లోనే హెచ్చరించేవారు. అందుకని ఒకటే సూత్రం. పాత రకం పూర్తిగా తీసిన తరువాతే కొత్త రకం పెట్టాలి.

ఎల్ అన్న అక్షరాన్ని కూడా చిన్నచూపు చూడవద్దు. ఆరో తరం ప్రాసెసర్లకు 1.35 వోల్టుల డి.డి.ఆర్-3ఎల్ మాత్రమే వాడమని ఇంటెల్ వారు చెప్పారు. మామూలు 1.5 వోల్టుల డి.డి.ఆర్-3 ముక్క అదే స్లాటులో చక్కగా పడుతుంది. పడింది కదా అని వాడితే కాలక్రమాన ప్రాసెసరుకు చేటు జరగవచ్చు. ముక్క మీద అంటించిన చీటీలో "3ఎల్" అని గాని, "1.35" అని గాని ఉందేమో చూసుకోవాలి. దీనికి తిరకాసు ఏమిటంటే, ఎల్ రకం ముక్కను పాత 1.5 వోల్టుల బోర్డులో వేస్తే అది పనిచేస్తుంది. అల్లుడు అత్తవారింట్లో సర్దుకుపోగలడు గాని, అత్తగారు అల్లుడి ఇంట్లో సర్దుకోలేరన్నట్టు.

ఇక మన కంప్యూటరుకు ఏం చేశామో చెబుతాను. రెండు దారులు కనిపించాయి. ఉన్న 4 జి.బి. డి.డి.ఆర్-3ఎల్ ముక్కను అలాగే ఉంచి, అలాంటిదే ఇంకొకటి కొని పక్కన పెట్టడం మొదటిది. అప్పుడు 8 జి.బి. అవుతుంది. ఉన్నది తీసేసి రెండు డి.డి.ఆర్-4 ముక్కలు పెట్టడం రెండోది. ధరలు కనుక్కుంటే మతి పోయింది. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం పెద్ద పెద్ద డేటా కేంద్రాలు కడుతున్న కంపెనీలకు మెమరీ చిప్పులు ఎక్కువగా పోతుండడం దానికి ముఖ్య కారణం. ఎక్కడో అమెరికాలో కట్టే భవనానికీ, మన సంఘం గుమాస్తా టేబులుకూ సంబంధం ఉంటుందని నేను సర్వీసులో ఉండగా ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

అదృష్టవశాత్తు మన సభ్యులొకరి మనవడు తన కంప్యూటరును డి.డి.ఆర్-5 బోర్డుకు మార్చుకున్నాడు. అతని పాత డి.డి.ఆర్-4 ముక్కలు రెండు, ఒక్కొక్కటి 8 జి.బి., సొరుగులో ఖాళీగా పడి ఉన్నాయి. కొత్త బోర్డులో అవి పట్టవు కాబట్టి అతనికి పనికిరావు. "తాతయ్యా, మీ సంఘానికి పనికొస్తే తీసుకోండి" అని ఇచ్చాడు. ఆ అబ్బాయికి ఈ సభా ముఖంగా ఆశీస్సులు. ఆ ముక్కలు 2400 వేగానివి. మన బోర్డు 2133 వరకే ఇస్తుంది. అయినా ఇబ్బంది లేదు. వేగంగా నడవగలిగిన మనిషి పెద్దవాళ్ళతో కలిసి నెమ్మదిగా నడిచినట్టు, ఎక్కువ వేగం ముక్క తక్కువ వేగంలో సర్దుకుని పనిచేస్తుంది.

పెట్టిన పద్ధతి చెబుతాను. ఇంట్లో పిల్లలున్నవారు వ్రాసుకోండి.

మొదట కంప్యూటరును మామూలుగా ఆపి, గోడ సాకెట్టు నుంచి ప్లగ్గు పీకేయాలి. స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్గు పీకిన తరువాత ముందున్న పవర్ బటనును ఒకసారి నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కాస్త కరెంటు కూడా పోతుంది. రెండోది, పెట్టె ఇనుప భాగాన్ని చేత్తో తాకాలి. పట్టుబట్టలు, పాలిస్టరు బట్టలు వేసుకున్నప్పుడు ఒంట్లో చేరే స్థిర విద్యుత్తు మనకు చురుక్కుమన్నా అనిపించదు గాని, ర్యామ్ చిప్‌ను పాడు చేయగలదు. ముక్కను అంచులు పట్టుకునే ఎత్తాలి. బంగారు రంగు కాళ్ళను వేళ్ళతో ముట్టుకోకూడదు.

మూడోది, స్లాటు చివర ఉన్న కొక్కేలను వెనక్కి వంచి పాత ముక్కను తీయాలి. మేము తీసిన ముక్కను కవరులో పెట్టి, పైన రకం, సైజు, తేదీ వ్రాసి దాచాం. నాలుగోది చాలా ముఖ్యం. ప్రతి ముక్కకూ కాళ్ళ మధ్యన ఒక గాడి ఉంటుంది. స్లాటులో దానికి సరిపడా ఒక చిన్న అడ్డు ఉంటుంది. ఆ గాడి చోటు ఒక్కొక్క తరానికి ఒక్కొక్క చోట పెట్టారు. డి.డి.ఆర్-3కు 240 కాళ్ళు, డి.డి.ఆర్-4కు 288. డి.డి.ఆర్-5కూ 288 కాళ్ళే గాని గాడి చోటు వేరు. కాళ్ళ సంఖ్య ఒకటే కదా అని అనుకోకూడదు. గాడి, అడ్డు ఎదురెదురుగా కుదిరితేనే అది ఆ స్లాటు ముక్క. కుదరకపోతే బలవంతం చేయవద్దు. మనం సర్వీసులో "ఎలాగోలా సర్దేయండి" అన్న మాట చాలాసార్లు విన్నాం. ఇక్కడ ఆ మాట చెల్లదు.

అయిదోది, గాడి కుదిరాక రెండు చివర్లా రెండు బొటనవేళ్ళతో సమానంగా నొక్కాలి. కొక్కెం దానంతట అదే లేచి టక్కుమని పట్టుకుంటుంది. ఆ చప్పుడు వచ్చేదాకా ముక్క పూర్తిగా కూర్చోలేదని అర్థం. కాస్త బలం పెట్టవలసి వస్తుంది. ఈ బలం వేరు, ఇందాక వద్దన్న బలవంతం వేరు. ఆరోది, ఒకే సైజువి రెండు ముక్కలైతే జతగా పెట్టాలి. జతగా ఉంటే ప్రాసెసరు రెండు దారుల్లో ఒకేసారి సమాచారం తెచ్చుకుంటుంది. ఏ స్లాట్లలో జత పెట్టాలన్నది బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ పోయినా, బోర్డు మీద అచ్చు వేసిన మోడలు నంబరు చూసి తయారీదారుల వెబ్‌సైట్ నుంచి తెచ్చుకోవచ్చు.

అప్పుడు ప్లగ్గు పెట్టి ఆన్ చేయాలి. కొత్త ర్యామ్ పెట్టిన తరువాత మొదటిసారి తెర రావడం ఆలస్యం కావచ్చు. డి.డి.ఆర్-5 అయితే కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు. గాభరా పడి మధ్యలో ఆపవద్దు. అప్పటికీ తెర రాకపోతే ఆపి, ప్లగ్గు పీకి, ముక్కలు తీసి మళ్ళీ సరిగ్గా నొక్కి పెట్టాలి. పదింట ఎక్కువసార్లు సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరపు ఊళ్ళలో కాళ్ళ మీద మకిలి పట్టడం మామూలే. పెన్సిలు చెరిపే మెత్తని రబ్బరుతో సుతారంగా తుడిచి, పొడి దులిపి పెడితే చాలాసార్లు బాగుపడుతుంది. తెర వచ్చాక బయాస్‌లో మొత్తం ర్యామ్ ఎంత చూపిస్తోందో చూసుకోవాలి. మేము ఆ రాత్రి మెమ్‌టెస్ట్ అనే ఉచిత పరీక్ష పెట్టి వదిలేశాం. తెల్లారి చూస్తే ఒక్క తప్పూ చూపలేదు. 16 జి.బి. పూర్తిగా చూపింది. ఇప్పుడు సభ్యుల రిజిస్టరు అర నిమిషంలో తెరుచుకుంటోంది.

తీసిన 4 జి.బి. ముక్క కూడా వృథా కాలేదు. మన సభ్యురాలొకరి ఇంట్లో 2013 నాటి డి.డి.ఆర్-3 కంప్యూటరు ఉంది. అమెరికాలో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడుతుంటే మధ్య మధ్య ఆగిపోయేది. ఇందాక చెప్పినట్టు ఎల్ రకం ముక్క 1.5 వోల్టుల బోర్డులో పనిచేస్తుంది కదా. కార్యవర్గం అనుమతితో ఆ ముక్కను అక్కడ పెట్టాం.

డబ్బు సంగతి నాలుగు మాటలు. మన సభ్యులొకరు కిందటేడు తమ డెస్క్‌టాప్ కోసం ఒక దుకాణంలో ర్యామ్ అడిగితే, "సరిపోతుంది సార్" అని ల్యాప్‌టాప్ ముక్క చేతిలో పెట్టారు. అది పొడుగులో సగమే ఉంటుంది. తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. 1,900 రూపాయలు పోయాయి. అందుకని దుకాణానికి వెళ్ళే ముందు ఒక కాగితం మీద వ్రాసుకోండి. డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా? బోర్డు మోడలు నంబరు ఏమిటి? ఇప్పుడున్న ముక్క ఏ రకం, ఎంత సైజు, ఎన్ని వోల్టులు? ఖాళీ స్లాట్లు ఎన్ని, అవి ఏ రకానివి? బోర్డు మొత్తం ఎంతవరకు తీసుకుంటుంది? వీలైతే పాత ముక్కను ఫోనులో ఫోటో తీసి చూపించండి. సరిపోకపోతే తిరిగి తీసుకుంటామని బిల్లు మీద వ్రాయించుకోండి. మనం నలభై ఏళ్ళు కాగితం మీద నమ్మకంతో బ్రతికినవాళ్ళం. ఇక్కడ మాత్రం నోటి మాట ఎందుకు?

ర్యామ్ వేస్తే అన్ని రోగాలూ పోతాయని నేను చెప్పను. వేయించే ముందు, మామూలుగా వాడే పనులన్నీ తెరిచి ఉంచి, టాస్క్ మేనేజరులో మెమరీ ఎంత శాతం నిండుతోందో చూడండి. ఎనభై, తొంభై శాతం దాటుతుంటే ర్యామ్ పెంచితే ఫలితం ఉంటుంది. సగం కూడా నిండకుండానే కంప్యూటరు ఈడుస్తుంటే లోపం వేరేచోట ఉంది. పాత తిరిగే హార్డ్ డిస్కు బదులు ఎస్.ఎస్.డి. వేయించడం మేలు. 32 బిట్ల విండోస్ ఉన్న పాత కంప్యూటరులో 8 జి.బి. పెట్టినా అది 4 జి.బి. లోపలే చూస్తుంది. అక్కడ డబ్బు పోయడం వృథా.

ఇంకొక సంగతి. విండోస్-10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన సంఘ కంప్యూటరు ప్రాసెసరు విండోస్-11కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో లేదు. ర్యామ్ ఎంత పెంచినా ఆ జాబితాలోకి చేరదు. అందుకని మేము దానిలో ఉచితంగా దొరికే లినక్స్ వేశాం. రిజిస్టరు, ఉత్తరాలు లిబ్రే ఆఫీసులో తెలుగులోనే చక్కగా నడుస్తున్నాయి. గుమాస్తా అబ్బాయికి అలవాటు పడడానికి వారం పట్టింది.

మొత్తం మీద సంఘానికి అయిన ఖర్చు ఒక పెన్ డ్రైవు, ఒక దుమ్ము బ్రష్షు. 42,000 రూపాయలు నిధిలోనే ఉన్నాయి. ఈ యంత్రం ఇంకా పదేళ్ళు వస్తుందని హామీ ఇవ్వను. మూడు నాలుగేళ్ళు వచ్చినా మన మందుల సాయానికి అంత మేర ఊపిరి దొరికినట్టే. రేపు నిజంగా మార్చవలసి వస్తే, రెండు రకాల స్లాట్లున్న బోర్డు మళ్ళీ కొనాలా అని కొందరు అడిగారు. చేతిలో మంచి పాత ర్యామ్ ఉంటే కొనవచ్చు. లేకపోతే ఒకే రకం స్లాట్లు నాలుగు ఉన్న బోర్డు మేలు. రెండు రకాలకు చెరి రెండు ఇచ్చిన బోర్డులో, ఏ ఆప్షను ఎంచుకున్నా మిగిలిన రెండు స్లాట్లు ఎప్పటికీ ఖాళీగానే ఉంటాయి.

సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్ళలో, మీ పిల్లల ఇళ్ళలో సొరుగుల్లో పడి ఉన్న పాత ర్యామ్ ముక్కలు ఉంటే పారేయవద్దు. కవరులో పెట్టి, రకం వ్రాసి కార్యాలయంలో ఇవ్వండి. ప్రతి నెల రెండో శనివారం ఉదయం నేను అక్కడ ఉంటాను. మీ కంప్యూటరు వివరాలు వ్రాసిన కాగితం తెస్తే, ఏది సరిపోతుందో, ఏది కొననక్కరలేదో చూసి చెబుతాను. రుసుము ఏమీ లేదు, టీ మాత్రం మీరే ఇప్పించాలి.